పునరుత్థానానికి ఉన్న చారిత్రక సాక్ష్యాన్ని తూచి చూసే పద్ధతి

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల సంఘాలలో ఈస్టర్ దగ్గరపడే కొద్దీ యువకుల నోట ఒక ప్రశ్న తప్పక వస్తుంది: యేసు మృతులలోనుండి లేచాడనడానికి చరిత్రలో ఆధారం ఉందా? ఈ ప్రశ్నకు మన దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. నమ్మేవాడికి ఆధారంతో పనిలేదన్నది ఒకటి, చరిత్ర దీనిని సందేహానికి తావు లేకుండా రుజువు చేసిందన్నది మరొకటి. మొదటి జవాబు అడిగినవాడి నోరు మూయిస్తుంది. రెండవది, అతడు రేపు కాలేజీలో చరిత్ర చదివిన స్నేహితుడి ఎదుట కూర్చున్నప్పుడు మొదటి ప్రశ్నకే కూలిపోతుంది. నేను విశ్వాసిని, యేసు లేచాడని నమ్ముతున్నాను. ఆ నమ్మకం ఉన్నందువల్లనే సాక్ష్యాన్ని దానికి ఉన్న బరువుకంటే ఎక్కువగా చూపించడం నాకు పెద్ద తప్పుగా తోస్తుంది. ఆదివారం బడి ఉపాధ్యాయులు, యువజన కూటాలు నడిపేవారు, ఈ నమ్మకం లేకపోయినా విషయం తెలుసుకోగోరేవారు తమంతట తాము సాక్ష్యాన్ని పరిశీలించుకోవడానికి పనికివచ్చే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

పెద్ద ప్రశ్నను విడదీయడం

ఒక నోటుపుస్తకం, తెలుగు బైబిలు, వీలైతే వాడుక భాషలో వచ్చిన మరొక అనువాదం దగ్గర ఉంటే చాలు. యేసు లేచాడా అన్న ప్రశ్నను విడదీయకుండా ముందు పెట్టుకుని కూర్చుంటే, ఎవరి మొగ్గు ఎటు ఉంటే ఆధారమూ అటే వంగుతుంది. అందుచేత దానిని ఐదు పేజీలుగా విడదీయాలి. యేసు సిలువమీద చనిపోయాడా, ఆయన దేహాన్ని ఫలానా చోటని తెలిసిన సమాధిలో ఉంచారా, ఆ సమాధి తరువాత ఖాళీగా కనిపించిందా, ఆయనను సజీవుడిగా చూశామని శిష్యులు నిజంగా నమ్మారా అన్నవి మొదటి నాలుగు పేజీలు. ఈ నాలుగింటినీ ఏ మతం వారైనా, ఏ మతమూ లేనివారైనా, పాత సంగతులను విచారించే మామూలు పద్ధతిలోనే విచారించవచ్చు. వీటన్నిటికీ కారణం ఏమిటన్నది ఐదవ పేజీ. దేవుడు ఆయనను లేపాడన్న సమాధానం ఆ పేజీలో రావాలి. అద్భుతాలు జరగనే జరగవన్న మాటకు కూడా చోటు ఆ పేజీలోనే ఉంది. ఈ రెండింటిలో దేనిని మొదటి పేజీలోకి తెచ్చుకున్నా తక్కిన పరిశీలన అంతా నామమాత్రమవుతుంది.

ప్రతి సాక్ష్యం పక్కన నాలుగు సంగతులు రాసుకోవాలి: అది ఏ కాలంలో రాసినది, రాసినవాడు తాను చూసినది చెబుతున్నాడా లేక విన్నది చెబుతున్నాడా, మరొక గ్రంథం నుంచి తీసుకున్నాడా, ఆ మాట చెప్పడం వల్ల అతనికి లాభమా నష్టమా. నాలుగవదానికి మనవాళ్లు ఎక్కువ బరువు ఇస్తారు గాని, నా అనుభవంలో మూడవదే అన్నిటికంటే ముఖ్యమైనది, అందరూ మరచిపోయేదీ అదే.

ముందే పక్కన పెట్టవలసినవి

పరిశీలన మొదలుపెట్టకముందే కొన్నింటిని తీసివేయాలి. యేసుకు సిలువ శిక్ష వేసిన రోమన్ అధికారి పిలాతు రోము చక్రవర్తికి రాసిన ఉత్తరం అంటూ ఫోన్లలో తిరిగే పాఠాలు తరువాతి శతాబ్దాల కల్పనలు. యేసు రూపురేఖలను వర్ణించే లెంతులు అనే అధికారి లేఖ మధ్యయుగాలలో పుట్టినది. యేసు దేహానికి చుట్టినదని చెప్పే, టురిన్ నగరంలోని వస్త్రాన్ని 1988లో ఆక్స్‌ఫర్డ్, జ్యూరిక్, అరిజోనా ప్రయోగశాలలు పరీక్షించి, అది 1260, 1390 సంవత్సరాల మధ్య కాలానిదని తేల్చాయి. పరీక్షకు తీసుకున్న ముక్క గురించి వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు గాని, ఆ వివాదం తీరేదాకా దానిని ఆధారాల జాబితాలో చేర్చకూడదు. ఇదే కొలత ఎదుటి పక్షానికీ వర్తిస్తుంది. యేసు సిలువ తప్పించుకుని కాశ్మీరుకు వచ్చి శ్రీనగర్‌లోని రోజాబల్‌లో సమాధి అయ్యాడన్న వాదానికి 19వ శతాబ్దం చివరలో మీర్జా గులాం అహ్మద్ ప్రచారం కల్పించారు. దానికి మొదటి శతాబ్దపు ఆధారం ఒక్కటీ లేదు.

కాలాన్ని కొలవడం

పొంతి పిలాతు యూదయను పాలించినది క్రీ.శ. 26 నుంచి 36 దాకా. అతని పేరున్న రాతి శాసనం 1961లో కైసరయలో దొరికింది. యేసు మరణం 30 లేదా 33లో జరిగిందని ఎక్కువమంది పండితులు లెక్క కడతారు. ఇక్కడి నుంచి మన చేతికి వచ్చిన రాతలు ఎంత దూరంలో ఉన్నాయో చూడాలి. యేసు ఎవరెవరికి కనబడ్డాడో చెప్పే రాతలలో అన్నిటికంటే పాతది పునరుత్థాన వృత్తాంతాన్ని కథగా చెప్పే సువార్త కాదు. మొదట సంఘాన్ని హింసించి తరువాత క్రీస్తు వైపు మారిన పౌలు, కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలోని పదిహేనవ అధ్యాయం. చాలామంది సువార్తలతో మొదలుపెట్టి తికమక పడతారు కాబట్టి, ఈ అధ్యాయంలో మూడవ వచనం నుంచి ఎనిమిదవ వచనం వరకు ముందుగా నోటుపుస్తకంలో చేత్తో ఎత్తి రాసుకోమని నేను చెబుతాను.

ఈ పత్రిక కాలం ఊహమీద ఆధారపడినది కాదు. పౌలు కొరింథులో ఏడాదిన్నర ఉన్నాడని, ఆ కాలంలో గల్లియో అనే అధికారి అకయ ప్రాంతానికి అధిపతిగా ఉన్నాడని అపొస్తలుల కార్యములు పద్దెనిమిదవ అధ్యాయం చెబుతుంది. గ్రీసులోని డెల్ఫీలో ముక్కలుగా దొరికిన క్లౌదియ చక్రవర్తి శాసనంలో ఇదే గల్లియో పేరు ఉంది. దానిని బట్టి అతని అధికార కాలం 51, 52 ప్రాంతానిదని లెక్క తేలుతుంది. అంటే పౌలు కొరింథు సంఘాన్ని స్థాపించినది ఇంచుమించు 50లో. ఎఫెసు నుంచి వారికి ఈ పత్రిక రాసినది 54 ప్రాంతంలో. తనకు అందిన ఉపదేశాన్నే మొదట వారికి అప్పగించానని అతడు ఆ పత్రికలో అంటున్నాడు. కాబట్టి క్రీస్తు చనిపోయాడు, సమాధి అయ్యాడు, మూడవ దినాన లేపబడ్డాడు, కేఫాకు (అంటే పేతురుకు), పన్నెండుమందికి కనబడ్డాడు అన్న క్రమం 50 నాటికే కంఠస్థం చేయించే రూపంలో ఉండి ఉండాలి. అది పౌలుకు ఎప్పుడు అందింది? గలతీయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయంలో, తాను మారిన మూడేళ్లకు యెరూషలేము వెళ్లి కేఫా దగ్గర పదిహేను దినాలు ఉన్నానని, ప్రభువు సహోదరుడైన యాకోబును కూడా చూశానని అతడు చెప్పుకున్నాడు. అది 30ల మధ్య నుంచి చివరి భాగంలో జరిగిన భేటీ. కంఠస్థం చేయించే ఆ సూత్రం సరిగ్గా అప్పుడే అందిందని పౌలు చెప్పలేదు. అయినా దానిలో పేరున్న ఇద్దరు సాక్షులతో అతడు ముఖాముఖి మాట్లాడాడన్నది మాత్రం అతని సొంత రాతలోనే ఉంది. పునరుత్థాన నమ్మకం నూరేళ్ల తరువాత పుట్టిన కథ అనేవారికి ఇక్కడే సమాధానం దొరుకుతుంది.

సువార్తలు దీని తరువాతివి. మార్కు 70 ప్రాంతంలో, మత్తయి, లూకా 80, 90 మధ్య, యోహాను 90 తరువాత వచ్చాయని ఎక్కువమంది పండితుల అంచనా. ఇంకా ముందే రాశారనేవారు కూడా ఉన్నారు. ఈ దూరం ఎంతో మన నేలమీద కొలుచుకుంటే తేటపడుతుంది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానంపై జరిగిన పోలీసు చర్యను యేసు మరణించిన ఏడాది స్థానంలో పెట్టి చూడండి. అప్పుడు కొరింథు పత్రిక 1972లో, మార్కు సువార్త 1988లో, యోహాను సువార్త 2010 ప్రాంతంలో రాసినట్టు అవుతుంది. 1972లో సూర్యాపేట, జనగామ పల్లెలలో ఆనాటి సాయుధ పోరాటపు దళాలతో తిరిగినవారు చాలామంది నడివయసులోనే ఉన్నారు. ఎవరైనా తప్పు చెబితే అలా జరగలేదని అనగలిగినవారు ఊరూరా ఉన్నారు. 2010 నాటికి అలాంటివారు కొద్దిమందే మిగిలారు. అప్పటి నల్గొండ జిల్లాలోని కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలయ్యాడన్నది అందరూ ఒప్పే సంగతి. ఆనాడు ముందు వరుసలో ఎవరున్నారు, ఎవరు ఏమన్నారు అన్న వివరాలు చెప్పేవారిని బట్టి మారవచ్చు. ముఖ్య సంఘటన నిలుస్తుంది, అంచులు కదులుతాయి. అయితే ఈ పోలిక ఎంతవరకు నడుస్తుందో కూడా గుర్తించాలి. కడవెండి గురించి అడగాలంటే మనం బస్సెక్కి వెళ్లి అడగగలం. కొరింథులోని విశ్వాసికి యెరూషలేము సముద్రం దాటి వెళ్లవలసిన ఊరు. పౌలు మాటను సరిచూసుకునే వీలు అతనికి అంత సులభంగా లేదు.

సాక్షులను లెక్కించకముందు బంధుత్వం చూడాలి

నాలుగు సువార్తలు ఉన్నాయి కాబట్టి నలుగురు సాక్షులు అని లెక్కించడం మన బోధలలో సర్వసాధారణం. చరిత్రకారుడు అలా లెక్కించడు. మార్కులోని విషయంలో తొంభై శాతానికి పైగా మత్తయిలో కనిపిస్తుంది, చాలాచోట్ల అవే మాటలతో. లూకా కూడా మార్కును ఎదుట పెట్టుకునే రాశాడని ఎక్కువమంది పండితులు అంగీకరిస్తారు. కాబట్టి మార్కులో ఉన్న సంగతి మత్తయిలో కూడా ఉన్నంతమాత్రాన రెండవ సాక్షి దొరికినట్టు కాదు. మార్కులో లేని సంగతి మత్తయిలోనో లూకాలోనో ఉంటే అప్పుడు అది వేరే దారిలో వచ్చినదేమో చూడవచ్చు. ఈ లెక్కన పునరుత్థానానికి పౌలు అందుకున్న సూత్రం ఒక దారి, మార్కు మరొక దారి, యోహాను ఇంకొక దారి. మత్తయి, లూకాలకు మాత్రమే ఉన్న భాగాలు చిన్న దారులు. ఇలా తగ్గించి లెక్కపెడితే సంఖ్య చిన్నదవుతుంది గాని, మిగిలినది గట్టిగా నిలుస్తుంది.

ఒక సాయంత్రం నోటుపుస్తకంలో నాలుగు గళ్లు గీసి మార్కు 16, మత్తయి 28, లూకా 24, యోహాను 20 పక్కపక్కనే రాయండి. సమాధికి వెళ్లినవారి పేర్లు ఒక వరుసలో, అక్కడ కనిపించినవారు మరొక వరుసలో, యేసు ఎక్కడ కనబడ్డాడన్నది ఇంకొక వరుసలో ఉండాలి. మార్కులో మగ్దలేనే మరియ, యాకోబు తల్లియైన మరియ, సలోమే వెళ్తారు. లోపల తెల్లని వస్త్రం ధరించిన ఒక పడుచువాడు కూర్చుని ఉంటాడు. మత్తయిలో ఇద్దరు స్త్రీలే. భూకంపం వస్తుంది, దూత దిగివచ్చి రాయి దొర్లించి దానిమీద కూర్చుంటాడు, కావలివారు వణుకుతారు. లూకాలో యోహన్న అనే స్త్రీ పేరు చేరుతుంది, ఇద్దరు మనుషులు కనిపిస్తారు. యోహానులో మగ్దలేనే మరియ ఇంకా చీకటి ఉండగానే వస్తుంది. మత్తయి శిష్యులను గలిలయ కొండకు తీసుకువెళ్తే, లూకా కనబడిన సంగతులన్నిటినీ యెరూషలేము చుట్టుపట్లనే ఉంచుతాడు. ఈ తేడాలను బలవంతంగా అతికించి ఒకే కథ చేయవద్దని, అలాగే తేడాలున్నాయి కాబట్టి అంతా కల్పన అని కొట్టిపారేయవద్దని చెబుతాను. నాలుగు గళ్లలోనూ మారకుండా మిగిలిన సంగతులను వేరే రంగు సిరాతో గుర్తుపెట్టండి: వారంలో మొదటి దినం, వేకువ, మగ్దలేనే మరియ, తొలగించి ఉన్న రాయి, కనిపించని దేహం.

మార్కు దగ్గర ఒక్క సంగతి తప్పక చూడాలి. నాలుగవ శతాబ్దానికి చెందిన గ్రీకు చేతిరాత ప్రతులైన సీనాయి ప్రతి, వాటికన్ ప్రతి రెండింటిలోనూ ఈ సువార్త పదహారవ అధ్యాయం ఎనిమిదవ వచనంతో, స్త్రీలు భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదన్న మాటతో ముగుస్తుంది. తొమ్మిది నుంచి ఇరవై వరకు ఉన్న వచనాలు తరువాత చేరినవని పండితులలో దాదాపు అందరూ ఒప్పుకుంటారు. కనుక ఆ పన్నెండు వచనాలను మార్కు సాక్ష్యంగా ఎత్తిచూపకూడదు. సంఘంలో వాటిని చదవడం వేరు, చరిత్ర విచారణలో వాటిని వాడుకోవడం వేరు.

నాలుగు పేజీలను నింపడం

మొదటి పేజీ త్వరగా నిండుతుంది. యేసు సిలువ మరణాన్ని పౌలు, నాలుగు సువార్తలు చెబుతున్నాయి. క్రైస్తవుల పట్ల ఏ ప్రేమా లేని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ 116 ప్రాంతంలో రాస్తూ, తిబెరి కాలంలో పిలాతు చేతిలో క్రీస్తు మరణశిక్ష పొందాడని పేర్కొన్నాడు. తమ రక్షకుడు దేశద్రోహులకు, బానిసలకు వేసే శిక్షతో చచ్చాడని ఎవరూ కావాలని కల్పించుకోరు. మన ఊళ్లలోని ముస్లిం సోదరులు ఖురాన్ నాలుగవ సూరాను బట్టి యేసు సిలువపై చనిపోలేదని నమ్ముతారు. వారి విశ్వాసాన్ని గౌరవిస్తూనే, ఆ వాక్యం సంఘటనకు ఆరు శతాబ్దాల తరువాతిదని, మొదటి శతాబ్దపు రాతలలో దానికి తోడు దొరకదని చెప్పవలసి ఉంటుంది. స్పృహ తప్పి తరువాత కోలుకున్నాడన్న ఊహకు యూదు చరిత్రకారుడు జోసెఫస్ తన జీవిత కథలో రాసిన ఒక సంగతి జవాబు: సిలువ వేసిన తన స్నేహితులు ముగ్గురిని రోమన్ సేనాని తీతును బతిమాలి దింపించి, వైద్యులకు అప్పగించినా ఇద్దరు చనిపోయారు, ఒక్కడే బతికాడు. అద్భుతాలను నమ్మని 19వ శతాబ్దపు జర్మన్ పండితుడు డేవిడ్ స్ట్రాస్ కూడా ఈ ఊహను తోసిపుచ్చాడు. గాయాలతో కొనఊపిరితో పాక్కుంటూ వచ్చిన మనిషిని చూసి మరణాన్ని జయించిన ప్రభువని ఎవరు అనుకుంటారన్నది అతని ప్రశ్న.

సమాధి సంగతి అంత సులభం కాదు. సిలువ వేసినవారి దేహాలను రోమన్లు చాలాచోట్ల అలాగే వదిలేసేవారు. అయితే దేహాన్ని రాత్రి చెట్టుమీద ఉంచరాదని ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. సిలువ వేసినవారిని సైతం యూదులు పొద్దుగూకకముందే దింపి పాతిపెట్టేవారని జోసెఫస్ రాశాడు. 1968లో యెరూషలేము ఉత్తర భాగంలో బయటపడిన ఒక ఎముకల పెట్టెలో యెహోహనన్ అనేవాడి మడమ ఎముక, దానిలో దిగిన ఇనుప మేకుతో సహా దొరికింది. సిలువ వేసినవాడికి కుటుంబ సమాధి దక్కడం అసాధ్యం కాదని ఆ ఒక్క ఎముక చెబుతుంది. యేసుకు దక్కిందని మాత్రం అది చెప్పదు. అరిమతయియ యోసేపు పేరు నాలుగు సువార్తలలోనూ ఉండటం, యేసుకు శిక్ష వేయించిన సభలోనివాడినే సమాధి చేసినవాడిగా చూపడం నాకు బలమైన సూచనలుగా కనిపిస్తాయి. దీనికి ‘చాలావరకు నమ్మదగినది’ అని రాసుకుంటాను.

ఖాళీ సమాధి దగ్గర మన ప్రసంగాలలో తరచూ వినిపించే వాదం స్త్రీల గురించినది. ఆనాటి యూదు సమాజంలో స్త్రీల సాక్ష్యానికి విలువ తక్కువ, జోసెఫస్ కూడా దానిని అంగీకరించరాదని రాశాడు, కాబట్టి కల్పించేవాడు స్త్రీలను మొదటి సాక్షులుగా పెట్టడు అని. ఈ వాదానికి బలం ఉంది. కాని అది న్యాయస్థానపు నియమం. ఇంటివారి దేహానికి సుగంధ ద్రవ్యాలు పూయడానికి స్త్రీలు వెళ్లడం మామూలు విషయం కాబట్టి కథలో వారు రావడం సహజమేనని ఎదుటివారు అంటారు. పౌలు ఎత్తి చూపిన సూత్రంలో స్త్రీల పేర్లు లేవు, సమాధి ఖాళీగా ఉందన్న మాట కూడా నేరుగా లేదు. ఇంకొక వైపు, శిష్యులే దేహాన్ని ఎత్తుకుపోయారన్న మాట యూదులలో వ్యాపించిందని మత్తయి 28 చెబుతుంది. దేహం అక్కడ లేదన్న సంగతిని వ్యతిరేకులు కూడా ఒప్పుకున్నట్టే అది. ఈ మాట మత్తయి ఒక్కడి ద్వారానే మనకు తెలుస్తున్నది కనుక దానికి సగం బరువే ఇస్తాను. మొత్తం మీద ఖాళీ సమాధి కాదనడం కంటే అవునడమే తేలిక అని నా అంచనా. నిశ్చయం అనే మాటను ఇక్కడ వాడను.

నాలుగవ పేజీ అన్నిటికంటే బలమైనది. ఇక్కడ మన దగ్గర ఒక ప్రత్యక్ష సాక్షి సొంత రాత ఉంది: పౌలు. సంఘాన్ని హింసించానని అతడే ఒప్పుకున్నాడు, ఆయన తనకు కనబడ్డాడని అతడే రాశాడు. రెండవవాడు యాకోబు. యేసు సహోదరులు ఆయనయందు విశ్వాసముంచలేదని యోహాను 7వ అధ్యాయం, ఇంటివారు ఆయనకు మతి చలించిందని అనుకున్నారని మార్కు 3వ అధ్యాయం చెబుతున్నాయి. అదే యాకోబు తరువాత యెరూషలేము సంఘానికి పెద్ద అయ్యాడు, 62లో రాళ్లతో కొట్టి చంపబడ్డాడు. ఆ మరణాన్ని మనకు రాసిపెట్టినవాడు క్రైస్తవుడు కాని జోసెఫస్. కేఫా మూడవవాడు. ఒకేసారి ఐదువందల మందికి పైగా చూశారన్న మాట సంగతి వేరు. వారిలో చాలామంది ఇంకా బతికే ఉన్నారని పౌలు ధైర్యంగా అన్నాడు గాని, ఆ సంఘటన ఏ సువార్తలోనూ స్పష్టంగా లేదు, ఒక్క పేరూ లేదు. ఐదువందలమంది సాక్షులని బల్లగుద్ది చెప్పే ముందు ఇది గుర్తుంచుకోవాలి. మన చేతిలో ఉన్నది ఐదువందల సాక్ష్యాలు కాదు, ఐదువందల మంది గురించి ఒకరి సాక్ష్యం.

అపొస్తలులందరూ అబద్ధం కోసం ప్రాణాలు ఇస్తారా అన్న వాదాన్ని కూడా ఇలాగే జాగ్రత్తగా వాడాలి. జెబెదయి కుమారుడైన యాకోబును హేరోదు చంపించాడని అపొస్తలుల కార్యములు 12 చెబుతుంది. యేసు సహోదరుడి మరణం జోసెఫస్‌లో ఉంది. పేతురు, పౌలు శ్రమల ప్రస్తావన 96 ప్రాంతంలో రోము సంఘం నుంచి కొరింథుకు వెళ్లిన లేఖలో ఉంది. మిగిలినవారి మరణాల గురించి మనకు ఉన్నవి చాలావరకు తరువాతి సంప్రదాయాలే. ఈ నలుగురి విషయం తమ మాటను తాము నిజంగా నమ్మారని చూపడానికి చాలు. నమ్మిన మాట నిజమేనని అది చూపదు.

వేరే వివరణలను వారి బలంతోనే చెప్పడం

ఐదవ పేజీకి వచ్చినప్పుడు ఎదుటివారి వివరణను వారే సరేనని ఒప్పుకునేంత బాగా రాయగలగాలి. వాటిలో గట్టిది దుఃఖంలో కలిగే దర్శనాల వివరణ. 1971లో డీవి రీస్ అనే వైద్యుడు వేల్స్‌లో భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందిని విచారించగా, దాదాపు సగం మంది పోయినవారి ఉనికిని ఏదో ఒక రీతిలో అనుభవించామని చెప్పారు. మన ఇళ్లలో కూడా ఇలాంటి అనుభవాలు చెప్పేవారు ఉన్నారు. పేతురుకు, మగ్దలేనే మరియకు ఇది కొంత అతుకుతుంది. పౌలుకు అతకదు, అతడు దుఃఖంలో లేడు, పగలో ఉన్నాడు. మరొక చిక్కు కూడా ఉంది: పోయినవారు కనిపించినప్పుడు మనుషులు సాధారణంగా వారు చనిపోయారనే అనుకుంటారు, సమాధి నుంచి శరీరంతో లేచారని అనుకోరు. ఆనాటి యూదులలో పునరుత్థానాన్ని నమ్మేవారు అది యుగాంతంలో అందరికీ కలుగుతుందని నమ్మారు. చరిత్ర మధ్యలో ఒక్కడికే ముందుగా కలిగిందన్న ఆలోచనకు వారి దగ్గర సిద్ధమైన అచ్చు లేదు.

కథ పెరిగిందన్న వివరణను కూడా చూడాలి. పెరుగుదల ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి 1886లో ఐగుప్తులోని అఖ్మీమ్‌లో దొరికిన పేతురు సువార్త అనే రెండవ శతాబ్దపు రచన మంచి ఉదాహరణ. దానిలో సమాధి నుంచి బయటకు వచ్చినవారి తలలు ఆకాశాన్ని అంటుతాయి, సిలువ వారి వెనుక నడిచివచ్చి మాట్లాడుతుంది. దానిని చదివాక మార్కు ఎనిమిది వచనాలను మళ్లీ చదివితే ఆ రెండింటి మధ్య దూరం తెలుస్తుంది. అయితే మార్కులోని పడుచువాడు మత్తయిలో భూకంపంతో దిగివచ్చిన దూత కావడం కూడా ఆ దారిలో ఒక అడుగేనని ఎదుటివారు అంటే, ఆ మాటను తోసిపుచ్చలేను. శిష్యులు దేహాన్ని దొంగిలించారన్నది వారి తరువాతి జీవితాలకు అతకదు. తప్పు సమాధికి వెళ్లారన్నది కనబడిన సంగతులను వివరించదు.

ముందుగా ఉన్న అంచనా

ఇంతవరకు వచ్చాక ఇద్దరు నిజాయితీపరులు అవే ఆధారాలతో వేర్వేరు ముగింపులకు ఎందుకు వస్తారో అర్థం చేసుకోవాలి. ఏ సాక్ష్యమైనా అద్భుతాన్ని స్థాపించాలంటే, ఆ సాక్ష్యం అబద్ధం కావడం ఆ అద్భుతం కంటే వింతగా ఉండాలని 1748లో తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ వాదించాడు. గణిత శాస్త్రజ్ఞుడు చార్లెస్ బాబేజ్ 1837లో దానికి లెక్కతో బదులిచ్చాడు: ఒకరితో ఒకరికి సంబంధం లేని సాక్షులు తగినంతమంది ఉంటే ఎంత అరుదైన సంగతినైనా వారు నమ్మదగినదిగా చేయగలరు. ఆ లెక్కను ఊరికే ఒక ఉదాహరణగా వేసి చూద్దాం. ఒక సంగతి జరిగిందనడానికి ఒకటి, జరగలేదనడానికి పది లక్షలు అన్న నిష్పత్తిలో అవకాశం ఉందనుకోండి, ప్రతి స్వతంత్ర సాక్షీ ఆ నిష్పత్తిలో జరిగిందన్న వైపును పదింతలు పెంచుతాడనుకోండి. ఆరుగురు స్వతంత్ర సాక్షులుంటే అది సగానికి సగం అవుతుంది. ఆ ఆరుగురిలో ముగ్గురు తక్కినవారిని చూసి రాసినవారైతే వెయ్యిలో ఒకటి దగ్గరే ఆగిపోతుంది. బంధుత్వం చూడాలని ముందు అన్నది ఇందుకే. ఇక ఆ మొదటి అంకె ఎంత అన్నది చరిత్ర ఇవ్వదు. దేవుడు లేడని స్థిరపడినవారికి అది సున్నాకు దగ్గర. సృష్టించిన దేవుడున్నాడని, ఇశ్రాయేలు చరిత్రలో ఆయన పనిచేశాడని నమ్మేవారికి అది అంత చిన్నది కాదు. ఈ అంకెను దాచిపెట్టి, చరిత్రే మనకు జవాబిచ్చిందని చెప్పడం రెండు పక్షాలలోనూ జరుగుతున్నది. నోటుపుస్తకంలో ఐదవ పేజీ పై వరుసలో ఎవరి అంచనాను వారు ముందే, సాక్ష్యాలు చదవకముందే, పూర్తిగా విప్పి రాసుకోవాలి.

నా మటుకు నేను రాసుకున్నది ఇది. సిలువ మరణం నిశ్చయం. శిష్యులు, పౌలు, యాకోబు ఆయనను చూశామని నిజంగా నమ్మడం, అదీ సంఘటన జరిగిన కొద్ది ఏళ్లలోనే, దాదాపు నిశ్చయం. సమాధి, దాని ఖాళీ అవును వైపే మొగ్గుతాయి. వీటన్నిటినీ కలిపి వివరించేది దేవుడు ఆయనను లేపాడన్న మాటే అని నేను తీర్మానించుకున్నాను, దేవుడున్నాడన్న నా ముందు నమ్మకం ఆ తీర్మానంలో పాలు పంచుకున్నదని పక్కనే రాసుకున్నాను.

యువజన కూటంలో దీనిని చేయించదలచినవారు పేజీలను ఇంటి దగ్గర ఎవరికి వారు నింపుకొని రమ్మనాలి. కూటంలో ఐదవ పేజీ జోలికి వెంటనే పోకుండా, మొదటి నాలుగింటిలో ఒకరి అంచనాకు మరొకరి అంచనాకు తేడా ఉన్న గడి ఏదో వెతకాలి. తేడా ఖాళీ సమాధి గడిలో ఉంటే మాట్లాడవలసినది మార్కు గురించి, మత్తయి 28 గురించి. నాలుగు పేజీలలోనూ ఇద్దరూ ఒకే మాట రాసి ముగింపులో విడిపోతే, వారు మాట్లాడుకోవలసినది సమాధి గురించి కాదు, ఐదవ పేజీ పై వరుసలో ఎవరికి వారు రాసుకున్న అంచనా గురించి. దానికి మరొక సాయంత్రం కేటాయించడం మంచిది.